కనిపెట్టుకొని ఉన్నవాళ్లం

మా సంఘాల్లో ఆదివారం పూట అన్నిటికన్నా ఎక్కువసార్లు వినపడే మాట ఓర్పు. కూలి పెంచకపోతే ఓర్పు. ఇంటి పట్టా ఇస్తామని పదేళ్లు తిప్పితే ఓర్పు. ఊళ్లోవాళ్లు నోటికొచ్చినట్టు తిడితే ఓర్పు. దేవుని సమయం వచ్చేదాకా ఓర్చుకొని నిరీక్షించాలని అయ్యగారు చెబుతారు, మావాళ్లు ఆమెన్ అంటారు. అక్కణ్ణించి లేచి మన రచయితల సభలకి వస్తే ఇంకో మాట వినపడుతుంది. క్రైస్తవం మాల మాదిగలకి ఓర్పు నేర్పి పోరాటం మరిపించిందని, పరలోకం చూపించి ఈ లోకంలో పొలం అడక్కుండా చేసిందని వక్తలు చెబుతారు, కుర్రాళ్లు చప్పట్లు కొడతారు. నేను ఆ చాప మీదా కూర్చున్నా, ఈ కుర్చీలోనూ కూర్చున్నా. రెండు చోట్లా మాట్లాడేవాళ్లు ఒకరికొకరు విరోధులమనుకుంటారు గానీ, మా పెద్దల గురించి ఇద్దరి అభిప్రాయమూ ఒకటే. వాళ్లు చేతులు ముడుచుకొని కూర్చున్నారని. ఒకరు అందుకు మెచ్చుకుంటారు, ఇంకొకరు అందుకే తప్పుపడతారు. ఆ అభిప్రాయమే సరికాదని నా వాదం.

మాది కనిగిరి దగ్గర మాదిగపల్లె. మా నాయిన పొగాకు బేరన్ల కాడ కూలికి పోయేవాడు, మా అమ్మ ఆకు గ్రేడింగుకి పోయేది. మా ఇంట్లో డిగ్రీ చదివినవాణ్ణి నేనే మొదలు. ఇప్పుడు ప్రభుత్వ బడిలో తెలుగు చెబుతున్నా. మా జేజికి అక్షరం ముక్క రాదు. మా దిక్కు బావుల్లో, బోర్లలో ఫ్లోరైడు ఎక్కువ. ఆ నీళ్లు తాగి తాగి ఆమె నడుం వంగింది, మోకాళ్లు బిగుసుకుపోయినాయి. మోకరించటం చేతగాక గోడకి ఆనుకొని ప్రార్థన చేసేది. వెలిగొండ ప్రాజెక్టుకి 1996లో శంకుస్థాపన చేసినప్పుడు కృష్ణ నీళ్లు వస్తాయని అందరిలాగే ఆమె కూడా విన్నది. ఆ నీళ్లు చూడకుండానే పోయింది. కాబట్టి ఓర్పు అంటే ఏందో నాకు పుస్తకం చూసి తెలుసుకోవాల్సిన అవసరం లేదు.

ముందు మాట సంగతి చూద్దాం. తెలుగు పంతుల్ని కాబట్టి అక్కణ్ణించే మొదలుపెడతా.

తెలుగు బైబిల్లో దేవుని కోసం ఎదురుచూడటానికి తరచుగా వాడిన మాట 'కనిపెట్టు'. కనిపెట్టుకొని ఉండండి అంటారు. రాత్రంతా మేలుకొని చేసే ప్రార్థనని మా సంఘాల్లో కనిపెట్టు ప్రార్థన అంటారు. బళ్లో ఇదే మాటకి వేరే అర్థం చెబుతాం. రేడియోని ఎవరు కనిపెట్టారు, టెలిఫోన్‌ని ఎవరు కనిపెట్టారు అని పరీక్షల్లో అడుగుతాం. ఏడో తరగతి పిల్ల ఒకతె నన్నడిగింది: "సార్, చర్చిలో దేవుణ్ణి కనిపెట్టండి కనిపెట్టండి అంటారు. ఇంకా ఎవురూ కనిపెట్టలేదా?" క్లాసంతా నవ్వింది. నేను మాత్రం ఆ ప్రశ్నని వదల్లేకపోయా.

ఎందుకంటే మా ఇంట్లో ఆ మాటకి మూడో అర్థం ఉంది. మా జేజి మాటల్లో విన్నా. "గొడ్డు ఈనేటట్టుందిరా అబ్బయ్యా, రాత్రికి కనిపెట్టుకోనుండు." "కళ్లంలో రాశి ఉంది, మీ నాయిన వచ్చిందాకా కనిపెట్టుకోనుండు." "జొరమొచ్చిన బిడ్డ, కాస్త కనిపెట్టుకోనుండు మేయ్." ఈ మూడింట్లోనూ ఎదురుచూపు ఉంది. గొడ్డు ఎప్పుడు ఈనుద్దో మన చేతిలో లేదు. జ్వరం ఎప్పుడు దిగుద్దో మన చేతిలో లేదు. కానీ కన్ను మూతపడటానికి వీల్లేదు, చెయ్యి ఖాళీగా ఉండటానికి వీల్లేదు. దూడ అడ్డం తిరిగితే మనిషిని పిలుచుకు రావాలి. బిడ్డ ఒళ్లు కాలిపోతుంటే తడిగుడ్డ వెయ్యాలి.

మా దిక్కు సజ్జచేను కంకి మీదున్నప్పుడు మంచె వేస్తారు. మంచె మీది మనిషి పంట చేతికొచ్చేదాకా ఎదురుచూస్తాడు. పంటని తొందరపెట్టటం అతని వల్ల కాదు, అది వాన దయ, ఎండ దయ. అతని చేతిలో ఒడిసెల ఉంటుంది. పిట్టల గుంపు వాలితే రాయి విసురుతాడు. రాత్రిపూట అడవిపంది వస్తే డబ్బా వాయించి అరుస్తాడు. నిద్రపోతే మంచె మీద ఉన్నా లేనట్టే. ఆ మనిషిని చూసి ఎంత ఓర్పుగా కూర్చున్నాడో అని ఎవరూ అనరు. కాపలా ఉన్నాడంటారు.

ఓర్పు, నిరీక్షణ, కనిపెట్టటం, మూడూ బైబిల్లో ఉన్నాయి. పల్లెల్లో ప్రసంగాల దగ్గరికి వచ్చేసరికి ఓర్పు ఒక్కటే పెరిగి పెరిగి మిగతా రెండింటినీ మింగేసింది. మా పెద్దలు ఏ అర్థంలో ఎదురుచూశారో తెలియాలంటే వాళ్ల చరిత్ర చూడాలి.

ఎర్రగుంట్ల పేరయ్యతో మొదలుపెడదాం. ఒంగోలుకు పడమర తాళ్లకొండపాడు మనిషి. మాదిగ. తోళ్ల వ్యాపారం చేసేవాడు. క్రీస్తు మాట వినకముందే గురువుల కాడ యోగసాధన నేర్చుకున్నవాడు. ఆ గురువుల్లో ఒకామె ఆడమనిషి. ఉత్తరాన ఏలూరు వైపు పోయినప్పుడు క్రైస్తవ బోధ విన్నాడు. ఒంగోలులో అప్పటికింకా దొర కాపురం పెట్టలేదు. పేరయ్య ఇంటికి తిరిగొచ్చి కనిపెట్టుకొని ఉన్నాడు. ఉన్నన్ని రోజులూ తను విన్నది భార్యకి చెప్పాడు, చుట్టపక్కాలకి చెప్పాడు. 1866లో ఒంగోలులో భార్యాభర్తలు బాప్తిస్మం తీసుకున్నారు. 1867 జనవరిలో జాన్ ఎవరెట్ క్లౌ తాళ్లకొండపాడు పోయేసరికి అక్కడ జనం సిద్ధంగా ఉన్నారు. ఆ కూడికల్లోనే 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కోత కోసినవాడి పేరు పుస్తకాలకెక్కింది. దొర రాకముందే దుక్కి దున్ని విత్తనం చల్లింది ఒక తోళ్ల వ్యాపారి అని మా పిల్లలకి ఎవరు చెబుతున్నారు?

మిషను చరిత్రల్లో ఎదురుచూపు గురించి చాలా రాశారు. కానీ అది ఎక్కువగా మిషనరీల ఎదురుచూపు. శామ్యూల్ డే 1836లో ఇండియా వచ్చి 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్లు గడిచినా చేతివేళ్ల మీద లెక్కపెట్టేంతమందే చేరారు. 1853లో అమెరికాలో బాప్తిస్టులు ఈ తెలుగు మిషనుని మూసేద్దామా అని చర్చించారు. అప్పుడే దానికి ఒంటరి నక్షత్రం అని పేరొచ్చింది. 1854 జనవరి 1న తెల్లారుజామున లైమన్ జ్యూయెట్, ఆయన భార్య ఒంగోలు కొండెక్కి ఈ చీకటి ప్రాంతానికి ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. దాన్ని ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు. పన్నెండేళ్లకి క్లౌ ఒంగోలు వచ్చాడు. ఈ కథ ప్రతి క్రిస్మస్‌కీ ప్రతి జూబిలీకీ చెబుతారు. ఆ తెల్లారుజామున కొండ మీద జ్యూయెట్ దంపతులతో పాటు ఇంకో ముగ్గురున్నారు. క్రిస్టియన్ నరసు, జూలియా, రూతు. ముగ్గురూ మన దేశం మనుషులు, ఇద్దరు ఆడవాళ్లు. జ్యూయెట్ పేరు చెప్పేటప్పుడు ఈ మూడు పేర్లు కూడా చెబితే ప్రసంగం ఎంత పొడుగవుతుంది?

ఇక అసలు సంగతి కరువు.

1876 నుంచి 1878 దాకా నడిచిన కరువుని మనవాళ్లు ధాత కరువు అంటారు. మద్రాసు రాష్ట్రమంతా ఎండిపోయింది. లక్షల్లో జనం చనిపోయారు. ప్రభుత్వం పని చూపించి కూలిచ్చే పద్ధతిలో బకింగ్‌హాం కాలవ తవ్వించింది. ఆ పని కాడ కూడా మాదిగలకి చోటు లేదు, చోటు దొరికినా మర్యాద లేదు. క్లౌ అమెరికాలో ఉన్నప్పుడు సర్వేయరుగా పనిచేసినవాడు. 1877లో కాలవలో మూడు మైళ్లకు పైగా పని తనే గుత్తకి తీసుకొని, తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. వేలమంది మాదిగలు అక్కడ తవ్వి బతికారు. తవ్వుతూ సాయంత్రాలు బోధ విన్నారు. బాప్తిస్మం ఇమ్మని అడిగారు.

క్లౌ ఇవ్వనన్నాడు. అన్నం కోసం చేరారనే మాట రాకూడదని ఆపేశాడు. దాదాపు పదిహేను నెలలు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పంటలు మళ్లీ మొలిచాయి, కరువు పని అయిపోయింది. 1878 జూన్‌లో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గరికి జనం కదిలొచ్చారు. ఇక పంచటానికి సొమ్ము లేదని క్లౌ చెప్పాడు. మాకు సొమ్ము అక్కర్లేదన్నారు. తిరిగి వెళ్లలేదు. జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజు క్లౌ ఒక్కరికి కూడా తన చేత్తో ఇవ్వలేదు. ఆరుగురు మనవాళ్లే, బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నదిలో దిగి ఇచ్చారు. ఆ ఏడాది ముగిసేసరికి లెక్క తొమ్మిది వేలు దాటింది.

ఈ ఘట్టాన్ని మిషను పుస్తకాలు క్లౌ నిజాయితీకి సాక్ష్యంగా చెబుతాయి. నిజాయితీ ఉంది, కాదనను. నేను అడిగేది ఇంకొకటి. ఆ పదిహేను నెలలూ ఓర్చుకుంది ఎవరు? ఆపినవాడి ఓర్పు గొప్పదా, ఆగినవాళ్ల ఓర్పు గొప్పదా? పార పట్టుకొని, పిల్లల్ని గట్టు మీద పడుకోబెట్టి, పొద్దుటికి ఎవరుంటారో ఎవరు పోతారో తెలియకుండా ఆగారు. కోరుకున్న బాప్తిస్మం అందకుండానే ఆ నెలల్లో పోయినవాళ్లున్నారు. ఆకలిగొన్నవాడు తన భక్తి శుద్ధమైందని రుజువు చేసుకోవాల్సి వచ్చింది. కడుపు నిండినవాడి భక్తికి రుజువు ఏ కాలంలోనూ ఎవరూ అడగలేదు. గుడికి మాన్యం రాసిచ్చినవాణ్ణి 'నువ్వు పుణ్యం కోసం ఇచ్చావా, పేరు కోసం ఇచ్చావా, శిస్తు తప్పించుకోవటానికి ఇచ్చావా' అని అడిగి పదిహేను నెలలు ఆపినవాళ్లున్నారా?

అయినా మా పెద్దలు ఆ రుజువు ఇచ్చారు. గోధుమ రొట్టెకి, బియ్యానికి అమ్ముడుపోయారని ఈ రోజుకీ మమ్మల్ని ఎగతాళి చేసేవాళ్లున్నారు. బడి స్టాఫ్ రూముల్లో కూడా వింటుంటా. వాళ్లకి జవాబు ఆ తేదీల్లోనే ఉంది. బియ్యం పంచినన్నాళ్లూ బాప్తిస్మం లేదు. బాప్తిస్మం మొదలయ్యేనాటికి బియ్యం లేదు. ఆకలికి ఇందులో పాత్రే లేదని నేనన్ను. కూలి సరిగ్గా ఇచ్చిన చోట, తిట్టకుండా పని చెప్పిన చోట, తమవాడే మేస్త్రీ అయిన చోట మనిషికి నమ్మకం పుడుతుంది. అట్టాంటి చోటు చూసి నమ్మటం తెలివి. దాన్ని అమ్ముడుపోవటం అనేవాడికి నమ్మకమంటే ఏందో తెలియదు.

చేరిన తర్వాత కూడా వాళ్లు ఊరుకోలేదు. ఆదివారం వెట్టికి రామన్నారు. చచ్చిన గొడ్డు మాంసం తినమన్నారు. అమ్మవారి జాతర్లకి డప్పు కొట్టమన్నారు. ఊళ్లో కరణాలు, మునసబులు కక్ష కట్టారు. బావులు మూశారు, అంగళ్లలో సరుకు ఇవ్వనియ్యలేదు, కొట్టారు. వాళ్లు దెబ్బలు ఓర్చుకున్నారు, నిజమే. దేని కోసం ఓర్చుకున్నారు? పని చెయ్యం అన్న మాట వెనక్కి తీసుకోకుండా ఉండటం కోసం. మా ప్రసంగాల్లో ఓర్పుని దీనికి తలకిందులు చేసి, చెప్పిన పనల్లా చేస్తూ ఉండటంగా మార్చారు.

ఇప్పుడు సాహిత్యం దగ్గరికి వస్తా. ఈ ఎదురుచూపుని మన రచయితలు ఎట్టా చూపించారు?

ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' 1922లో వచ్చింది. రామదాసు ఓర్పుకి ప్రతిరూపం. కొడుకు సంగదాసుని భూస్వామి చంపేసినా తత్వం మాట్లాడతాడు. ఇంకో కొడుకు వెంకటదాసు తిరగబడి అడవి పడతాడు. ఉన్నవ పెద్దమనసుతో రాశాడు, ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది కూడా. కానీ ఓర్చే తండ్రి ఒకవైపు, తిరగబడే కొడుకు ఒకవైపు అని ఆయన గీసిన గీతని ఆ తర్వాతివాళ్లు ఎవరూ చెరపలేదు. ఓర్చుకుంటూనే కాదనే మాదిగ ఆ గీతకి ఎటువైపూ దొరకడు.

జాషువా 'గబ్బిలం' 1941లో వచ్చింది. అంటరానివాడు గుళ్లోకి పోలేడు, గబ్బిలం పోగలదు. అందుకని దాంతో కాశీలోని శివుడికి కబురంపుతాడు. వినుకొండలో క్రైస్తవ ఇంట్లో పుట్టిన కవి శివుడికి ఎందుకు మొరపెట్టుకున్నాడని సంఘంవాళ్లు ఆయన్ని తప్పుపట్టారు. అదే కవి తర్వాత రాసిన 'క్రీస్తు చరిత్ర'కి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. నాకు గబ్బిలంలో కనపడేది దేవుడు మారటం కాదు, ఎదురుచూపు తీరు. కబురు పంపేవాడు బతిమాలటంతో ఆగడు. దారి పొడుగునా దేశమంతా చూపిస్తూ, దానికి లెక్క అడుగుతాడు. అర్జీ పెట్టుకునేవాడు కాస్తా తనిఖీ చేసేవాడు అవుతాడు. కనిపెట్టటం అంటే మా జేజి చెప్పిన అర్థం అదే. సంఘంవాళ్లు శివుడి పేరు దగ్గరే ఆగిపోయి ఆ సంగతి చూడలేదు.

కళ్యాణరావు 'అంటరాని వసంతం' 2000లో వచ్చింది. రూతు జ్ఞాపకాలుగా సాగే నవల. ఎల్లన్న, సుభద్ర, శివయ్య తరాల మీదుగా నడుస్తుంది. మిషను పుస్తకాల్లో కాలవ అంటే క్లౌ దయ. ఈ నవలలో కాలవ అంటే పని కోసం పోయిన మాల మాదిగల్ని అగ్రకులాలవాళ్లు తరిమికొట్టిన చోటు. మా తరానికి మా చరిత్రని మా వైపు నించి చూపించిన పుస్తకం ఇది. నేను ఇంటర్ పిల్లలకి కూడా చదవమని ఇస్తుంటా. అయితే ఒక చోట నాకు తృప్తి లేదు. తరాలు మారేకొద్దీ నవల విశ్వాసం నించి పోరాటం వైపు నడుస్తుంది. పాట తర్వాత బైబిలు, బైబిలు తర్వాత తుపాకి. చదివేవాడికి బైబిలు ఒక మజిలీ అనిపిస్తుంది, దాటిపోవాల్సిన ఊరు. గుండ్లకమ్మ ఒడ్డున వెనక్కి పొమ్మన్నా పోనివాళ్ల మొండితనం మజిలీ కాదు. అది పోరాటమే. దాన్ని మొదటి అధ్యాయంగా రాయాలి గానీ ముందుమాటగా కాదు.

దీనికి సాక్ష్యం మన కాలంలోనే ఉంది. కారంచేడు అప్పుడు మా ప్రకాశం జిల్లాలో ఉండేది. 1985లో తాగే చెరువు నీళ్లని మురికి చేస్తుంటే అడ్డుపడి, కొట్టబోతే బిందె ఎత్తిన మాదిగ స్త్రీ పేరు సువార్త. మర్నాడు, జూలై 17న, ఆరుగురు మాదిగల్ని చంపారు. చూసింది చూసినట్టు చెప్పిన అలీసమ్మని ఆ తర్వాత ఏడాది చంపారు. సువార్త, అలీసమ్మ. పేర్లు చూడండి. వీళ్లు ఏ మాటలు వింటూ పెరిగారో చెప్పక్కర్లేదు. సుప్రీంకోర్టు తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. ఇరవై మూడేళ్లు. చీరాల శిబిరం నించి కోర్టు వరండాల దాకా ఆ కుటుంబాలు చేసిన ఎదురుచూపుని మత్తు అనగలరా? వాయిదా తేదీ మర్చిపోకుండా, సాక్ష్యం మారకుండా ఇరవై మూడేళ్లు ఉండటం మంచె మీద కాపలా లాంటిది.

ఇక నా బడి సంగతి చెప్పి ముగిస్తా. ఎందుకంటే అన్నిటికన్నా పొడుగు ఎదురుచూపు అక్కడుంది.

1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులంవాడు కాడు. 1956లో సిక్కుల్ని చేర్చారు. 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని, ముస్లింల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవులైన ఎస్సీలకి బీసీ-సి కింద ఒక్క శాతం ఇచ్చారు. 2004లో సుప్రీంకోర్టులో పిటిషను వేశారు, ఇరవై ఏళ్లు దాటినా తేలలేదు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో మతం షరతు తీసెయ్యమని చెప్పింది. 2022 అక్టోబరులో బాలకృష్ణన్ కమిషన్ వేశారు, రెండేళ్లన్నారు, గడువు పెంచారు. 2023 మార్చిలో మన అసెంబ్లీ తీర్మానం చేసింది. 2025లో మన హైకోర్టు, క్రైస్తవంలోకి పోయినవాడికి అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని చెప్పింది. మతం మార్చుకున్నోడికి కులం పోయిందని కాగితం చెబుతుంది. కులం పేరుతో తిట్టేవాడు మాత్రం తిట్టే ముందు బాప్తిస్మం అయిందా అని అడగడు.

జూన్‌లో అడ్మిషన్లప్పుడు మా పల్లెల తల్లులు పిల్లల్ని తీసుకొస్తారు. రిజిస్టరులో మతం అని ఒక గడి ఉంటుంది. నేను ఆ గడి దగ్గరికి వచ్చేసరికి తల్లి నా మొహం చూస్తుంది. మెడలో సిలువ దారం ఉంటే కొంగు సర్దుకుంటుంది. "తవరే రాయండి సార్" అంటుంది. ఆరేళ్ల బిడ్డ తల్లి వంక చూస్తుంది. దేవుడి పేరు పైకి చెబితే ఫీజు పోతుందని, హాస్టలు సీటు పోతుందని, రేపు ఉద్యోగం పోతుందని ఆ బిడ్డకి మొదటి పాఠం అక్కడే, నా బల్ల ముందే. మా పల్లెల్లో చాలామందికి రెండు పేర్లు. సంఘం పుస్తకంలో ఒకటి, సర్కారు పుస్తకంలో ఒకటి. నాకూ రెండున్నాయి. ఏది ఎక్కడ ఉందో ఇక్కడ రాయను. రాయలేని స్థితి మమ్మల్ని అడిగి తెచ్చిపెట్టింది కాదు. మేం అబద్ధమాడుతున్నామని ఎవరన్నా అంటే, అబద్ధమాడితే తప్ప అన్నం పెట్టని చట్టం సంగతేందని అడుగుతా.

ఈ డెబ్బై అయిదేళ్ల ఎదురుచూపులో మా సంఘాలు ఎంత కనిపెట్టాయి, ఎంత ఓర్చుకున్నాయి? ఆగస్టు 10ని చీకటి దినంగా పాటిస్తున్న సంఘాలున్నాయి, ఢిల్లీ దాకా పోయినవాళ్లున్నారు. వాళ్లకి దండం. మా దిక్కు చాలా పల్లెల్లో మాత్రం ఆ తేదీ మామూలు రోజు. అయ్యగారికి తెలియదు, తెలిసినా చెప్పడు, రిజిస్టర్ల సంగతి పైకొస్తే తన సంఘంలో సగం మందికి ఇబ్బందని భయం. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ భయాన్ని ఓర్పు అని పేరు మార్చి ప్రసంగం చెయ్యొద్దు. మన సభల్లో మాట్లాడేవాళ్లకి కూడా ఒక మనవి. మాదిగ ముసలామె గోడకి ఆనుకొని కళ్లు మూసుకుంటే నిద్రపోతోందని అనుకోవద్దు. ఆమె ఎవరెవరి పేర్లు ఎత్తి దేవుడికి లెక్క చెబుతోందో ఒకసారి పక్కన కూర్చొని వినండి. కూలి ఎగ్గొట్టినవాడి పేరు కూడా అందులో ఉంటుంది.

విద్యార్థులు చెయ్యాల్సిన పని ఉంది. కనిగిరి మిషను 1892 నాటిది, పొదిలి 1894, మార్కాపురం 1895. ఇట్టాంటి పాత సంఘాల్లో బాప్తిస్మపు రిజిస్టర్లు, మినిట్సు పుస్తకాలు, చందా లెక్కలు ఉంటాయి. ఎక్కడన్నా మిగిలి ఉంటే చెదలు తినకముందే నకలు తీసుకోండి. బోధకుల పేర్లు రాయండి, బైబిలు స్త్రీల పేర్లు రాయండి. కాలవ కాడ పనిచేసినవాళ్ల మునిమనవళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు, వాళ్లింట్లో చెప్పుకునే మాటలు రాయండి. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో మన ముసలివాళ్ల నోటి మాటల్ని ఇంగ్లీషులో పుస్తకం వేసింది. మన మాటలు మన భాషలో వెయ్యటానికి మనకి ఇంకెంత కాలం కావాలి?

వచ్చే జూన్‌లో రిజిస్టరు మళ్లీ నా ముందుంటుంది. ఆ గడి దగ్గర తల్లి నా మొహం చూడకుండా తన దేవుడి పేరు తనే గట్టిగా చెప్పే రోజు కోసం కనిపెట్టుకొని ఉన్నా. ఆ రోజు రాలేదు కాబట్టి, అడ్మిషన్ పని అయిపోయినాక ఆ తల్లుల్ని వరండాలో కూర్చోబెట్టి 1950 ఉత్తర్వు సంగతి చెబుతున్నా. ముందు ఒకరిద్దరే ఆగి వినేవాళ్లు. పోయిన ఏడాది తొమ్మిది మంది ఆగారు. అందులో ఒకామె, "మరి దీనికి ఎవుర్ని అడగాల సార్?" అన్నది.